ఎల్మైరా యుద్ధఖైదీల శిబిరం తర్వాత ఈ సైనికుడు ఏమయ్యారో తెలుసుకోవడం ఎలా?

అమెరికా అంతర్యుద్ధం నాటి రికార్డులు వెతికిన అనుభవం ఉన్నవారు దయచేసి సాయం చేయండి. మా వారిది జార్జియా. ఆయన ముత్తాతగారి తండ్రి కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) పదాతిదళంలో పనిచేశారు. మా పిల్లలకు నా వైపు తరాలన్నీ చెప్పగలను, అటువైపు కథ మాత్రం ఒకచోట తెగిపోయింది.

జాతీయ ఆర్కైవ్స్‌లోని సర్వీసు కార్డుల ప్రకారం ఆయన 1864 జూన్ 1న వర్జీనియాలోని కోల్డ్ హార్బర్ దగ్గర పట్టుబడ్డారు. మొదట మేరీల్యాండ్‌లోని పాయింట్ లుకౌట్ ఖైదీల శిబిరానికి, జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాకు పంపారు. చివరి కార్డు మీద బదిలీ తేదీ ఉంది, దాని కింద అంతా ఖాళీ. విడుదల, అమెరికా ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం, మరణం, ఏదీ నమోదు కాలేదు.

ఎల్మైరాలో ఉంచిన సుమారు 12,000 మందిలో దాదాపు 3,000 మంది చనిపోయారు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన జాన్ డబ్ల్యూ. జోన్స్ వారిని ఖననం చేయించి, పేరూ దళమూ రాసిపెట్టారు. తనవంటివారిని బానిసలుగానే ఉంచాలని పోరాడిన సైన్యంవారి పట్ల ఆ శ్రద్ధ! తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అక్కడి వుడ్‌లాన్ శ్మశానం జాబితాలో మాకు కావలసిన పేరు కనిపించలేదు.

1864 అక్టోబరులో ఎల్మైరాలో జబ్బుపడిన ఖైదీలను ఇరుపక్షాల ఖైదీల మార్పిడి కోసం దక్షిణాదికి పంపారు. వారిలో ఈయన ఉన్నారేమో ఎలా తేలుతుంది? యుద్ధఖైదీల రికార్డులున్న ఎం598 మైక్రోఫిల్మ్‌లో 145 చుట్టలున్నాయి, ఎల్మైరా రిజిస్టర్లలో ముందుగా ఏది చూడాలి? గుమస్తా ఇంటిపేరు వేరే అక్షరాలతో రాసి ఉంటే పట్టుకునే దారేమిటి? కాన్ఫెడరేట్ సైనికులకు పింఛను ఇచ్చింది రాష్ట్రాలే కాబట్టి, జార్జియా ఆర్కైవ్స్‌లో వితంతువుల దరఖాస్తులు చూస్తే భర్త మరణ వివరాలు దొరుకుతాయా?