కిక్‌ఆఫ్‌లో తన్నేదెవరు, దెబ్బ తినేదెవరు?

వాక్యదోషం
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మీద ఒక వార్తని తెలుగు చేస్తున్నాను, 'కిక్‌ఆఫ్'కి మాట కుదరడం లేదు. ఈ వాక్యం చూడండి: "ప్రారంభ తన్ను వేళ ఆటగాళ్ల భద్రత కోసం ఎన్‌ఎఫ్‌ఎల్ 2024లో నిబంధనలు మార్చింది." 'ప్రారంభ తన్ను' పంటికింద రాయిలా తగులుతోంది. 'తొలి తాపు' అంటే గాడిదే గుర్తొస్తుంది. 'శ్రీకారం' సభలకీ సినిమాలకీ పోయింది. కిక్‌ఆఫ్ అనే ఉంచెయ్యాలా? ఇంకో సందేహం, నవ్వకండి: ఇందులో ప్రమాదం తన్నేవాడికా, తన్ను తినేవాడికా?

ముప్పై ఐదో గీత
నవ్వేదేం లేదు. ఆ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది. తన్ను తినేది బంతి. దెబ్బ తినేది దాని వెనక పరిగెత్తినవాళ్లూ, వాళ్లకి ఎదురొచ్చినవాళ్లూ.

మన పాఠకుడికి ఫుట్‌బాల్ అంటే సాకరే. అందులో కిక్‌ఆఫ్ అంటే నడిమి వలయంలో బంతిని పక్కవాడికి అందించడం, అంతే. అందుకని మొదటిసారి 'అమెరికన్ ఫుట్‌బాల్' అని పూర్తిగా రాయండి, లేకపోతే ఇందులో మెడ విరిగేదేముందని అడుగుతారు.

2023 దాకా అక్కడ జరిగింది ఇదీ. కిక్కర్ తన 35 గజాల గీత (తన గోల్ గీత నుంచి 35 గజాలు) మీంచి తంతాడు. బంతి ఆ చివర గోల్ గీత దగ్గర పడుతుంది, అంటే 65 గజాల అవతల. దాన్ని పట్టుకున్నవాడు (రిటర్నర్) ఎదురు పరుగు తీస్తాడు. తన్నిన జట్టులోని మిగతా పదిమందీ నలభై గజాలకు పైగా పూర్తి వేగంతో వచ్చి అతని మీద పడాలి. అతన్ని కాయాల్సినవాళ్లు ముందు వెనక్కి పరిగెత్తి, గిర్రున తిరిగి వీళ్లకి అడ్డం నిలబడాలి. ఇద్దరూ వేగంలో ఉండగానే ఢీ. మామూలు ఆటలో రెండు వరసలూ ఎదురెదురుగా చేతికందే దూరంలో మొదలవుతాయి కాబట్టి అంత ఊపు రాదు.

'ప్రారంభ' కూడా తప్పే. పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ అయినా, ఫీల్డ్ గోల్ అయినా మళ్లీ కిక్‌ఆఫే. రెండో సగం మొదలూ అదే. ఒక్క మ్యాచ్‌లో పది దాకా ఉంటాయి. పదిసార్లు జరిగేదాన్ని ప్రారంభం అంటే ఎలా?

పాతబంగారం
మాట కిక్‌ఆఫే ఉండనివ్వండి, గొడవ లేదు. కానీ బంతి ఉన్నవాణ్ణి కాయడానికి మనుషులు కట్టే 'వెడ్జ్'కి మనకి పేరు ఉంది కదా: సూచీ వ్యూహం. సైంధవుణ్ణి కాయడానికి ద్రోణుడు శకట వ్యూహం లోపల పన్నింది. ముందు మొన, వెనక దాచుకున్న మనిషి. సరిగ్గా సరిపోతుంది.

ముప్పై ఐదో గీత
1892 నాటి దానికైతే ఒప్పుకుంటాను. యేల్ యూనివర్సిటీ మీద ఆటలో హార్వర్డ్ వాళ్లు రెండో సగాన్ని 'ఫ్లయింగ్ వెడ్జ్'తో మొదలుపెట్టారు. రెండు గుంపులు చెరో వైపు నుంచీ పరిగెత్తుకొచ్చి మొనలా కలిసి, బంతి ఉన్నవాణ్ణి లోపల పెట్టుకుని దూసుకుపోయాయి. 1894కల్లా దాన్ని నిషేధించారు.

ఎన్‌ఎఫ్‌ఎల్ వెడ్జ్‌కి మొన లేదు. ముగ్గురో నలుగురో భారీ మనుషులు భుజం భుజం కలిపి రిటర్నర్ ముందు ఒక వరసగా పరిగెత్తేవాళ్లు. దాన్ని పగలగొట్టడానికి అవతలి జట్టు ఒకణ్ణి ప్రత్యేకంగా పంపేది, 'వెడ్జ్ బస్టర్' అని. వాడి పని ఒంటిని ఆ వరస మీదికి విసిరెయ్యడం! 2009లో ఇద్దరికి మించి కలిసి కట్టకూడదన్నారు, 2018లో ఆ ఇద్దర్నీ తీసేశారు. పైగా సైంధవుడు కదలకుండా దాక్కున్నాడు, ఇక్కడ దాచినవాడే పరిగెత్తాలి. 'భుజాల దడి' అనండి. దడి అనగానే కాపలా అని తెలుస్తుంది.

పాతబంగారం
దడి బాగుంది. తాటాకుల దడి గాలికే ఒరిగిపోతుందన్నది వేరే సంగతి.

వెన్నుపూస
గాయాల దగ్గర మన పత్రికలు చేసే తప్పులు కిక్‌ఆఫ్ కంటే పెద్దవి. బఫెలో బిల్స్ ఆటగాడు కెవిన్ ఎవరెట్ సంగతే తీసుకోండి. 2007 సెప్టెంబర్ 9, బఫెలో బిల్స్, డెన్వర్ బ్రాంకోస్ మ్యాచ్, రెండో సగం మొదటి కిక్‌ఆఫ్. బంతి పట్టుకుని వస్తున్న డొమెనిక్ హిక్సన్‌ని ఆపబోయి ఎవరెట్ కదలకుండా పడిపోయాడు. మెడలో మూడు, నాలుగు పూసల దగ్గర విరిగి పక్కకి జరిగింది. దీన్ని తెలుగులో రాసేటప్పుడు నాలుగు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది కర్త. "ఎవరెట్‌ని ఢీకొట్టారు" అని రాస్తారు. కాదు, ఢీకొట్టినవాడే ఎవరెట్. 2010 అక్టోబర్ 16న రట్గర్స్ కాలేజీ జట్టు ఆటగాడు ఎరిక్ లెగ్రాండ్‌కి ఆర్మీ (సైనిక అకాడమీ) జట్టు మీద ఆటలో జరిగిందీ ఇదే. కిక్‌ఆఫ్ తర్వాత ఆపడానికి వెళ్లినవాడే పడిపోయాడు. పై ప్రశ్నకి ఇదో జవాబు: కొట్టబోయినవాడి మెడే విరగొచ్చు. తల కాస్త దించి, అంటే సుమారు 30 డిగ్రీలు వంచి గుద్దితే, మెడకి సహజంగా ఉండే వంపు పోయి పూసలు నిట్టనిలువు వరసలోకి వస్తాయి. అప్పుడు నడినెత్తిన తగిలిన బలమంతా నేరుగా పూసల మీదికి దిగుతుంది. వెనక నుంచి ఒంటి బరువు ఇంకా తోసుకొస్తూనే ఉంటుంది. మధ్యలో నలిగేది మెడ. హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది, మెడకి చేసేదేం లేదు. తల దించి హెల్మెట్‌తో గుద్దితే పెనాల్టీ అని 2018లో నియమం పెట్టింది అందుకే.

రెండోది వెన్నెముక, వెన్నుపాము. ఎముక విరగడం వేరు, లోపలి నరాల తాడు నలగడం వేరు. వెన్నుపూస విరిగినా వెన్నుపాము బాగుంటే మనిషి నడుస్తాడు. రెండిటికీ 'వెన్ను విరిగింది' అని రాస్తే పాఠకుడికి అసలు విషయం అందదు.

మూడోది పక్షవాతం. పక్షం అంటే ఒక వైపు, అది ఎక్కువగా మెదడులో రక్తప్రసరణ ఆగితే వచ్చేది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే 'మెడ కింద నుంచి చచ్చుబడింది' అనండి. చచ్చుబడటం మంచి మాట, ఇళ్లల్లో అనేదే. అయితే అది శాశ్వతమని దానికదే చెప్పదు, చెప్పకూడదు కూడా. ఎవరెట్ ఆ డిసెంబర్‌లోనే తన కాళ్ల మీద నడిచి స్టేడియంకి వచ్చాడు.

నాలుగోది కంకషన్. 'తల పగిలింది', 'తలకు గాయం' రెండూ తప్పుదారి పట్టిస్తాయి. నెత్తురు ఉండదు, ఎక్స్‌రేలో కనపడదు, చాలామందికి స్పృహ కూడా తప్పదు. 'మెదడు అదురు' అనొచ్చు.

వాక్యదోషం
వెన్నుపూస గారూ, ఇంకోటి. "వెంటనే హెల్మెట్ తీసి ప్రథమ చికిత్స చేశారు" అని నా చిత్తుప్రతిలో ఉంది. ఉంచొచ్చా?

వెన్నుపూస
కొట్టెయ్యండి. మెడ మీద అనుమానం ఉంటే హెల్మెట్ ఒక్కదాన్నే తియ్యరు. భుజాలకి మందపాటి ప్యాడ్లు ఉంటాయి, హెల్మెట్ తీస్తే తల వెనక్కి వాలి మెడ వంగుతుంది. ఒకరు తలని రెండు చేతులా కదలకుండా పట్టుకుంటారు, ఊపిరి కోసం ముందున్న ఫేస్‌మాస్క్ విప్పుతారు. తియ్యాల్సి వస్తే శిక్షణ ఉన్నవాళ్లు హెల్మెట్, ప్యాడ్లు రెండూ తీస్తారు.

ముప్పై ఐదో గీత
ఇక 2024 మార్పు. అందాకా పద్ధతి ఒకటే: పరుగు లేకపోతే ఢీ లేదు. 2011లో తన్నే చోటుని 30 నుంచి 35కి జరిపారు, బంతి నేరుగా ఎండ్ జోన్‌లో (గోల్ గీత అవతలి మేర) పడి టచ్‌బ్యాక్, అంటే ఎదురు పరుగు లేకుండానే బంతి అవతలి జట్టుకి, అవుతుందని. అలా చేసుకుంటూ పోతే 2024 ఫిబ్రవరి సూపర్‌బౌల్‌లో (లీగ్ ఫైనల్) ఒక్కడూ కిక్‌ఆఫ్‌ని తిరిగి తీసుకురాలేదు. జనం చూసింది గాల్లో బంతిని మాత్రమే.

కొత్త పద్ధతి 2020 నాటి ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే మరో లీగ్ ఆలోచన. కిక్కర్ 35 మీదే ఉంటాడు. అతని పదిమందీ అవతలి జట్టు 40 గజాల గీత మీద నిలబడతారు. ఎదురుగా 35కీ 30కీ మధ్య కనీసం తొమ్మిదిమంది. మధ్య ఎడం ఐదు గజాలే, ఊపందుకునే చోటు లేదు. గోల్ గీత నుంచి 20 దాకా ల్యాండింగ్ జోన్, దీన్ని 'బంతి పడాల్సిన మేర' అనండి. అంతకంటే ముందే పడితే అవతలి జట్టుకి 40 మీద బంతి. ఎగురుతూ ఎండ్ జోన్‌లోకి పోతే టచ్‌బ్యాక్ 30 మీద. అయినా చాలామంది అటే తన్నేసరికి 2025లో దాన్ని 35కి పెంచారు. మొదటి ఏడాది కిక్‌ఆఫ్ కంకషన్ల రేటు అంతకుముందు మూడేళ్ల సగటు కంటే 43 శాతం తగ్గిందని లీగ్ లెక్క.

అనువాదంలో జారిపోయేది ఒక షరతు ఉంది. "బంతి తాకేవరకు కదలరాదు" అని రాస్తే ఎవరు ఎవర్ని తాకాలో తేలదు. ఇలా రాయండి: "ల్యాండింగ్ జోన్‌లోనో ఎండ్ జోన్‌లోనో బంతి నేలనైనా ఆటగాణ్ణైనా తాకేదాకా, కిక్కరూ రిటర్నర్లూ తప్ప ఎవరూ కదలకూడదు." పొడవే, కానీ మొత్తం నియమం దీని మీదే నిలబడింది.

గజం మాత్రం గజమే, మూడడుగులు. హైదరాబాద్ పాఠకుడు 35 గజాలు అనగానే స్థలం అనుకోకుండా పక్కన 'గీత' అని ఉంచండి.

వాక్యదోషం
సరే, ఇప్పుడు: "అమెరికన్ ఫుట్‌బాల్ కిక్‌ఆఫ్‌లో రెండు జట్లూ పూర్తి వేగంతో గుద్దుకోకుండా, ఆటగాళ్ల భద్రత కోసం ఎన్‌ఎఫ్‌ఎల్ 2024లో మోహరింపు మార్చింది."

పాతబంగారం
మోహరింపు దిట్టంగా ఉంది. 'ఆటగాళ్ల భద్రత' తీసెయ్యండి, మన పేపర్లలో దానికి అర్థం హోటల్ ముందు పోలీసు బందోబస్తు. 'గుద్దుకోకుండా' అన్నాక అదెందుకు?