తోలుకు పదునేంటి?

ప్రశ్న (నల్లగొండ నుంచి):

మా నాన్నగారి సైకిలు సీటు పాతకాలం నాటిది. స్పాంజీ, రెక్సినూ ఉండవు. మందపాటి తోలు ఒకటే ముక్క, ఇనుప చట్రానికి ముందూ వెనకా రివెట్లతో బిగించి ఉంటుంది. మధ్యలో కింద ఆధారమేమీ లేదు, ఉయ్యాల లాగా మనిషి బరువంతా ఆ తోలే మోస్తుంది. ఇన్నేళ్లకు మధ్యలో గుంటపడి, ముక్కు దగ్గర చీలింది. సైకిలు షాపులో అడిగితే సీటే మార్చెయ్యమన్నారు. నాన్న ఒప్పుకోలేదు. చివరికి చెప్పులు కుట్టే ఒక పెద్దాయన, తోలు తెచ్చిస్తే వేసి పెడతానన్నారు.

నేను ముందు తీసుకెళ్లిన తోలు చూడగానే పక్కన పెట్టేశారు. హ్యాండ్‌బ్యాగులకు వాడే మెత్తటి రకం అది. "ఇది సాగుతనే ఉంటది, నిలవదు" అన్నారు. చెట్టు చెక్క (బెరడు) రసంలో ఊనిన, అంటే కుళ్లకుండా శుద్ధి చేసిన, గట్టి తోలు తెచ్చాక పని మొదలుపెట్టారు. రివెట్ల తలలు ఉలితో కొట్టేసి, పాత తోలునే అచ్చుగా పరిచి గీత గీసి, రంపెతో (తోలు కోసే కత్తి) కోశారు. బకెట్లో నానబెట్టి తీసి, తడి గోనెలో చుట్టి పక్కన పెట్టారు. నాకు ఆఫీసు టెన్షన్. ఇక బిగించెయ్యమంటే ఆయన అన్నమాట ఇది:

"ఆగు బిడ్డా. తోలు పదును మీదికి రావాలె. నీళ్లు కారంగ గుంజితె సాగిపోతది, ఎండినంక గుంజితె పలుగుతది."

నాకు తెలిసిన పదును కత్తికి ఉండేదే. తోలు పదును మీదికి రావడం ఏమిటి? ఇది వేరే మాటా, అదే మాటా?

విజయవాడ నుంచి:

తోలు తీస్తానని బెదిరించేవాళ్ల కత్తికి ఉంటుందండీ పదును. తోలుకు ఉండటం నేనూ ఇప్పుడే వింటున్నా.

అనంతపురం నుంచి:

అన్నా, ఆ పెద్దాయన మాట్లాడింది సేద్యం భాషే. మా దిక్కు "పదును వాన పడింది" అంటే విత్తడానికి సరిపోయేంత వాన అని. ఎర్రనేలలో శెనక్కాయ వేసే ముందు మా నాయన మట్టి పిడికిట్లో పట్టి నొక్కుతాడు. ఉండ కట్టాల, వేలితో తాకితే రాలిపోవాల, చేతికి మాత్రం అంటుకోకూడదు. అదీ పదును. వాన ఎక్కువై బురదైతే పదును కాదు. రెండు దినాలు గాలి కొట్టి నేల ఆరిపోతే "పదును పోయింది" అంటాం. అదునూ పదునూ రెండూ చూసుకోవాలంటారే, అందులో అదును కాలం, పదును నేల. మీ తోలు గోనెలో ఉండింది కూడా ఇట్లా రావడానికే.

గుంటూరు నుంచి:

అలాగైతే పదును అంటే తడి అనేస్తే సరిపోతుంది కదా. మరి కత్తిలో తడి ఎక్కడిది?

తెలుగు టీచరు (మెదక్):

తడి అంటే సరిపోదండీ. బళ్లో "తోళ్లు పదును చేయడం" అని చదువుకున్నాం గుర్తుందా? అక్కడ పని వేరు. పచ్చితోలు అలాగే వదిలేస్తే కుళ్లుతుంది, ఎండబెడితే అట్టలా బిర్రబిగుస్తుంది. సున్నంలో వేసి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయల రసంలో రోజుల తరబడి నానబెడితే ఆ వగరు తోలుకు పట్టి, కుళ్లని వస్తువు అవుతుంది. ఊళ్లలో ఈ పని జరిగే తొట్టిని లంద అనేవాళ్లు. తంగేడు పూలను బతుకమ్మలో పేరుస్తాం, రాష్ట్ర పుష్పం అన్నాం. దాని చెక్క ఎన్ని ఊళ్ల చెప్పులకూ మోటబొక్కెనలకూ ప్రాణం పోసిందో మాత్రం ఎవరూ చెప్పరు. సరే, అది వేరే గొడవ.

ఇక కమ్మరి. నాగలి కర్రు మొద్దుబారితే కొలిమిలో పెట్టి, సాగ్గొట్టి, నీళ్లలో ముంచుతాడు. దాన్నీ పదును పెట్టడమనే అంటాం. ఎంత కాగాలి, ఎప్పుడు ముంచాలి అన్నది రంగు చూసి తేలుస్తాడు. ఎక్కువైతే పెళుసు, తక్కువైతే మెత్తన.

నేలకు తడి, ఇనుముకు కాక, తోలుకు చెక్క రసం. మూడింటికీ కలిసేది ఒక్కటే, పనికి తగిన స్థితి. నా లెక్కలో పదును అసలు అర్థం అదే. కర్రు ఆ స్థితికి వస్తే తెగుతుంది కాబట్టి తెగే గుణానికి ఆ పేరు అంటుకుంది. ఇప్పుడు మనకు పొలమూ కొలిమీ దూరమై వంటింటి కత్తి ఒక్కటే మిగిలింది, దాంతో ఆ అర్థమొక్కటే మిగిలింది. నిఘంటువులు తిరగేసేవాళ్లు "పదను" రూపం కూడా చూడండి.

చెన్నై నుంచి:

టీచరుగారి మాటకు అరవంలో గట్టి సాక్ష్యం ఉంది. ఇక్కడ తోళ్లు ఊనడాన్ని "తోల్ పదనిడుదల్" అంటారు. "పదం" అంటే సరైన పాకం. "ఒరు పానై సోట్రుక్కు ఒరు సోరు పదం" అని సామెత, కుండెడు అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందని. ఉడకడానికీ తోలుకూ ఒకటే మాట.

తోలు మాట వచ్చింది కాబట్టి, 1948లో ఇక్కడ అడయారులో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు తర్వాత డైరెక్టరుగా పనిచేసిన యలవర్తి నాయుడమ్మగారు మన తెనాలి వైపు మనిషే.

గుంటూరు నుంచి:

"పదం" అంటున్నారు, ఇది సంస్కృత పదమేనేమో?

బళ్లారి నుంచి:

కాదు సార్. కన్నడంలో ఇది "హద". తోలు హద చేస్తారు, నేల హదకు వస్తుంది, అచ్చం మీలాగే. మన పాలు అక్కడ హాలు, పులి హులి, పండు హణ్ణు. అచ్చ ద్రావిడ మాటల్లో ముందున్న "ప" ఇలా "హ" అయింది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న "పద" ఇప్పటికీ "పద"గానే ఉంది. పదును మనింటి మాటే.

గుంటూరు నుంచి:

ఒప్పుకున్నా. పులి, హులి దగ్గర పడిపోయాను.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ దండాలు. ఇవాళ సీటు తెచ్చుకున్నాను. ఆ రోజు సాయంత్రం తోలును చేత్తో వంచి చూసి, వెనక రివెట్లు ముందు కొట్టి, పట్టకారుతో ముక్కు వైపు గుంజి మిగతావి బిగించారట. నీడలోనే ఆరనిచ్చి, అంచులు రంపెతో చెక్కి, నూనె రాశారు. నాన్న వీధి చివరిదాకా తొక్కి వచ్చి "గట్టిగుంది, కూర్చోంగ కూర్చోంగ వస్తది" అన్నారు.

మీ చర్చంతా పెద్దాయనకు చెప్పి, "తాతా, ఈ రంపెకు కూడా పదును పెడతావు కదా?" అని అడిగాను. ఆయన రంపెను రాయి మీద అటూ ఇటూ రుద్దుతూనే, "దీనికా? దీనికి నూరుడు. పదును తోలుకు" అన్నారు.

టీచరుగారూ, దీన్నేం చేద్దాం?

తెలుగు టీచరు (మెదక్):

ఆయన్ను ఇంకో నాలుగు మాటలు అడిగి రాసుకు రండి. తోలుకు బెజ్జం పొడిచే ఆరెకు ఏమంటారో ముందు అడగండి.