కుడి చేతి మీద టాటూ: మెడికల్ లోపు లేజర్‌తో పోతుందా?

సీమబిడ్డ:
ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతున్నా, వయసు 20. కుడి ముంజేయి లోపలి వైపు నల్లగా "అమ్మ" అని, చుట్టూ ఆకుపచ్చ తీగ ఉంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు జాతరలో వేయించుకున్నా. కేంద్ర బలగాల మెడికల్ రూల్స్ చూస్తే పేరు, దేవుడి గుర్తు ఉండొచ్చట, కానీ ఎడమ ముంజేయి లోపలి వైపో అరచేతి వెనక వైపునో మాత్రమే, అదీ ఆ భాగంలో నాలుగో వంతు కంటే చిన్నదిగా ఉండాలట. నాది సెల్యూట్ కొట్టే చెయ్యి. మెడికల్‌కి అయిదారు నెలలు ఉందనుకుంటున్నా. పక్క టౌన్‌లో ఒక క్లినిక్ వాళ్లు మూడు సిట్టింగుల్లో మొత్తం పోతుందంటున్నారు. నమ్మొచ్చా?

ఖాకీకల:
మూడు అనే మాట నమ్మకు తమ్ముడూ, లేజర్‌ని మాత్రం నమ్ము. నాకూ మూడే అన్నారు, ఏడయ్యాయి, సిట్టింగ్‌కి 3,500 చొప్పున, మొత్తం 14 నెలలు పట్టింది. నంబింగ్ క్రీమ్ రాసి ముక్కాలు గంట కూర్చోబెట్టారు, అయినా తాలింపు నూనె చిట్లి పడ్డట్టే ఉంది. లేజర్ తగిలిన చోటల్లా అక్షరం తెల్లగా పొంగితే పోయిందనుకుని సంబరపడ్డా, అరగంట లోపే మళ్లీ నల్లగా తేలింది. రాత్రికి పొక్కులొచ్చాయి. నాలుగో సిట్టింగ్ దాటాకే తేడా తెలిసింది. మెడికల్‌లో డాక్టర్ చెయ్యి వెలుతురుకి తిప్పి, వేలితో రుద్ది చూసి ఫిట్ రాశారు. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేశా.

ఒంగోలుగిత్త:
అందరికీ అలా అవుద్దని చెప్పకు అన్నా. మన రంగు చర్మానికి లేజర్ పెద్ద రిస్క్. నాకు ఇంకు పోయింది, ఆ చోట చర్మం రంగు కూడా పోయింది. తెల్లమచ్చ అక్షరాల ఆకారంలోనే ఉండిపోయింది, ఏం రాసి ఉండేదో ఇప్పటికీ ఎవరైనా చదువుతారు. డబ్బులు పోసి టాటూకి బదులు మచ్చ కొనుక్కున్నా. అయిదు నెలల కోసమైతే అసలు వద్దు, సగం పోయినా కుడి చేతి టాటూ కుడి చేతి టాటూయే.

మానుకోటఅక్క:
ఈ గొడవలో పడి ఎవరూ సొంత వైద్యం మొదలుపెట్టకండి. మా చిన్నమ్మ కొడుకు పచ్చబొట్టు పోవాలని జీడిగింజల రసం రాసుకున్నాడు, మోచేతి దాకా కాలి నీరు కారింది, ఇప్పుడక్కడ చర్మం ముడతపడి గట్టిగా ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మే టాటూ క్రీములు కూడా ముట్టుకోవద్దు, యాసిడ్ ఉన్నవైతే ఇంతే సంగతులు.

చర్మవైద్యం_పీజీ:
డెర్మటాలజీలో పీజీ చేస్తున్నా. ఖాకీకల, ఒంగోలుగిత్త, మీరిద్దరూ చెప్పింది నిజమే, తేడా మెషిన్‌లో, లేజర్ కొట్టేవాళ్ల చేతిలో, తొందరలో ఉంటుంది. లేజర్ ఇంకుని బయటికి లాగదు, లోపలే పొడిపొడి చేస్తుంది, ఆ పొడిని మోసుకుపోయేది మన ఒంట్లోని కణాలు, వాటికి వారాలు పడుతుంది. అందుకే సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, డబ్బు ఎక్కువిచ్చినా ఆ గడువు తగ్గదు. నలుపుకి 1064 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవు) ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ వాడతారు, చామనఛాయకి మిగతా వాటికంటే అదే సేఫ్. ఆకుపచ్చ దానికి సరిగా లొంగదు. 755, 694 నానోమీటర్ల లేజర్లు కావాలి, కానీ వాటిని మన చర్మం రంగు కూడా పీల్చుకుంటుంది, తెల్లమచ్చల భయం అక్కడ ఎక్కువ. కాబట్టి తమ్ముడూ, "అమ్మ" కంటే తీగే నిన్ను ఎక్కువ ఏడిపిస్తుంది. ముందు చిన్న చోట టెస్ట్ షాట్ అడుగు. వెంట్రుకలు తీసే మెషిన్‌తో, ఐపీఎల్‌తో (లేజర్ కాదు, గట్టి వెలుతురు ఫ్లాష్ కొట్టే మెషిన్) టాటూ తీస్తామంటే లేచి వచ్చెయ్, కాలి మచ్చ పడుతుంది. పొద్దున్నే ఎండలో రన్నింగ్ చేస్తావు కదా, ఫుల్ హ్యాండ్స్ వేసుకో, ఎండకి నల్లబడ్డ చేతి మీద లేజర్ కొట్టించకు.

ఒంగోలుగిత్త:
ఇవన్నీ నాకు ఒక్కరైనా ముందు చెప్పి ఉంటే! మెషిన్ ఏంటో అడగాలని కూడా తెలీదు నాకు. అయినా నా మాట అదే, ఈ మెడికల్ కోసం వద్దు.

ఖాకీకల:
ఈ మెడికల్‌కి కాదు, ఒప్పుకుంటా. కానీ జీడీకి 23 దాకా టైమ్ ఉంది, వాడికి 20. ఇప్పుడు మొదలుపెడితే వచ్చే నోటిఫికేషన్‌కి చెయ్యి శుభ్రంగా ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తే వాళ్లే మోసపోతారు.

సీమబిడ్డ:
ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి మెషిన్ గురించి అడిగా. వెంట్రుకలకి వాడేదే దీనికీ వాడతామన్నారు, పెట్టేశా. సోమవారం పెద్దాసుపత్రి స్కిన్ ఓపీకి వెళ్తున్నా, తీగ ఫొటో కూడా తీసిపెట్టుకున్నా. ఈసారి మెడికల్‌కి ఉన్నది ఉన్నట్టే వెళ్తా, ఏం రాస్తారో ఇక్కడే చెప్తా.