ఎలుకలను పెంచిన మనిషి పేరు పేపర్‌లో ఉండాలా, కృతజ్ఞతల్లో సరిపోతుందా?

తెల్లకణం
హైదరాబాదులో ఒక ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా పరిశోధన పేపర్ పత్రికకు పంపడానికి సిద్ధంగా ఉంది. యానిమల్ హౌస్‌లో మా ఎలుకలను మొదటి నుంచీ చూసుకుంటున్న అన్న ఒకరున్నారు, కాంట్రాక్టు ఉద్యోగి. ఆయన పేరును మా గైడ్ చివర కృతజ్ఞతల్లో వేశారు. నాకు అది అన్యాయమనిపిస్తోంది.

మాది ఒక జన్యువు తీసేసిన ఎలుకల మీద పని. మగవాటికి పుండ్లు లేచాయి. రోగనిరోధక కణాలు సొంత చర్మం మీదే దాడి చేస్తున్నాయని మేమంతా సంబరపడ్డాం. అన్న మాత్రం పంజరాలన్నీ మళ్ళీ దించి చూశారు. పుండ్లు ఎక్కువగా నడుము మీద, తోక మొదట్లో ఉన్నాయనీ, ఒక్కో పంజరంలో ఒక్క ఎలుకకు మాత్రం గీతైనా లేదనీ, మిగతావాటిని కరుస్తున్నది అదేననీ చెప్పారు. విడివిడిగా ఉంచితే చాలావాటికి మానిపోయాయి. మానకుండా మిగిలినవే అసలు జబ్బున్నవి. మా రెండో బొమ్మ మొత్తం వాటి మీదే నిలబడింది. ఇది రచయిత చేసే పని కాదా?

కాకినాడ మాస్టారు
ల్యాబ్ నడిపి రిటైరైనవాణ్ణి అమ్మా. కాదన్నదే నా జవాబు. ఎలుకకు గాయమైతే, అది ఎందుకైందో చూడడం జంతుశాల ఉద్యోగి విధి. విధి బాగా చేసినవారికి కృతజ్ఞత చెబుతాం, రచయితను చేయం. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: పనిలో గణనీయమైన పాత్ర, రాయడంలో లేదా దిద్దడంలో పాలు, తుది ప్రతికి ఆమోదం, పేపర్‌లో ఏ భాగాన్ని ప్రశ్నించినా జవాబుదారీగా నిలబడటం. నాలుగూ ఉండాలి. మీ అన్నకు ఒకటి ఉందనుకుందాం. మిగతా మూడు?

గోదారిగట్టు
మా పేపర్‌లో గైడ్ గారి స్నేహితుడి పేరు వేశారు. ఆయన మా ల్యాబ్ గడప తొక్కలేదు. అప్పుడు ఈ నాలుగు షరతులూ ఎవరికీ గుర్తు రాలేదు.

పంజరాల మనిషి
నేను వేరే సంస్థలో ఇదే పని చేస్తున్నాను. మాస్టారు ‘విధి’ అన్నారు కాబట్టి ఒక మాట. 2025 వైద్య నోబెల్ మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచిలకు వచ్చింది. రోగనిరోధక వ్యవస్థ మన శరీరాన్నే కొరుక్కుతినకుండా ఆపే టి కణాల గురించిన పని అది. బ్రంకో, రామ్స్‌డెల్ పట్టుకున్న జన్యువుకు మూలం ‘స్కర్ఫీ’ అనే ఎలుకలు. 1940లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల ఎలుకల్లో చర్మం పొలుసులు రేగిన మగపిల్లలు పుట్టాయి. ప్లీహం ఉబ్బి కొద్ది వారాల్లోనే చచ్చిపోయేవి. మగవి పెద్దవి కాకముందే పోతాయి కనుక, జబ్బు బయటపడని తల్లుల ద్వారానే ఆ వంశం నిలవాలి. ఏ ఆడపిల్ల ఆ లోపాన్ని మోస్తున్నదో దాని ఈతలు చూసి తేల్చుకోవాలి. ఒక్క తరంలో పంజరం మీది వివరాల కార్డు తారుమారైతే వంశమే పోతుంది. అర్ధ శతాబ్దం పాటు ఆ పని చేసిన చేతుల గురించి అడుగుతున్నాను. అదంతా ఉత్త విధేనా?

కాకినాడ మాస్టారు
కాపాడటం వేరు, కనిపెట్టడం వేరు బాబూ. ఎక్స్ క్రోమోజోములో దాదాపు 17 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు. వాళ్ళు అందులో వెతికి వెతికి 5 లక్షల అక్షరాల ముక్కకు చేరారు. అక్కడున్న 20 జన్యువులను ఒక్కొక్కటే పరీక్షిస్తే లోపం దొరికింది ఇరవయ్యో దానిలో. బహుమతి ఆ వెతుకులాటకు. నేను అడిగిన మూడు షరతులకు ఇంకా జవాబు రాలేదు.

బోస్టన్ నుంచి
మాస్టారూ, అదే నియమావళిలో ఆ కిందనే ఇంకో మాట ఉంది. మొదటి షరతు తీరినవారికి రాతను చదివే, దిద్దే, ఆమోదించే అవకాశం ఇవ్వాలి. ఆ అవకాశం ఇవ్వకుండా, ‘రాతలో పాలు లేదు’ అని పక్కన పెట్టడానికి ఈ షరతులను వాడకూడదు. తెల్లకణం గారూ, ఆయనకు డ్రాఫ్ట్ పంపారా?

తెల్లకణం
పంపలేదు. గైడ్ అందరికీ పంపిన మెయిల్‌లో ఆయన లేరు. కాంట్రాక్టు వాళ్ళకు మా సంస్థ మెయిల్ ఖాతా ఇవ్వదు.

కాకినాడ మాస్టారు
పంపితే మాత్రం? ఇరవై పేజీల ఇంగ్లీషు, కణాలను లెక్కించే ఫ్లో సైటోమీటర్ బొమ్మలు, గణాంకాలు. ఏమని దిద్దుతారు?

పంజరాల మనిషి
నాకు చదువు రాదని మీరే నిర్ణయించేశారా? నేను బీఎస్సీ చదివాను. పంజరం కార్డు మీద జన్యురూపం (ఆ ఎలుకలో జన్యువు ఉందా, లేదా అన్నది), పుట్టిన తేదీ, తల్లిదండ్రుల నంబర్లు ఇంగ్లీషులోనే రాస్తాను. ఇరవై ఒకటో రోజున పిల్లలను తల్లి నుంచి విడదీసి, చెవికి రంధ్రం వేసి, తోక చివర ముక్క ట్యూబులో పెట్టి ఇచ్చేది నేను. ఆ ట్యూబు మీద నేను రాసిన నంబరు తప్పైతే మీ ఇరవై పేజీలూ తప్పే. మీ పేపర్‌లో మైక్రోస్కోప్ బొమ్మలు తీసిచ్చిన పక్క ల్యాబ్ ఆయన గణాంకాలన్నీ చదివే సంతకం పెట్టారా? ఆయన్ని ఈ ప్రశ్న ఎవరైనా అడిగారా?

ఎలైజా
ఇప్పుడు చాలా పత్రికలు ఎవరు ఏం చేశారో 14 రకాల పాత్రలుగా విడదీసి రాయమంటున్నాయి. అక్కడ రాస్తే గొడవ ఉండదు కదా.

పంజరాల మనిషి
అక్కడ రాసేది కూడా రచయితల పేర్లే. వరుసలో లేనివాడు ఆ పట్టికలోకి ఎలా వస్తాడు?

కాకినాడ మాస్టారు
పక్క ల్యాబ్ మనిషి సంగతి నాకు అనవసరం. నేను మొదటి నుంచీ చెబుతున్నది నాలుగో షరతు గురించి. పేరంటే పూలదండ అనుకుంటున్నారు మీరంతా. 1986లో సెల్ పత్రికలో థెరెజా ఇమానిషి-కారి ల్యాబ్ ప్రయోగాలతో ఒక పేపర్ వచ్చింది. జన్యువు చొప్పించిన ఎలుకల యాంటీబాడీల గురించి. రచయితల్లో నోబెల్ గ్రహీత డేవిడ్ బాల్టిమోర్ ఒకరు. ఆ ఎలుకలను ఆయన ముట్టుకోలేదు. సమాచారం కల్పితమన్న ఆరోపణ వస్తే విచారణలు పదేళ్ళు సాగాయి. నోట్‌బుక్కుల కాగితం, సిరా చూడటానికి అమెరికా సీక్రెట్ సర్వీసును దించారు. పేపర్‌ను సమర్థించినందుకు బాల్టిమోర్ 1991 చివర్లో రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయ అధ్యక్ష పదవి వదులుకున్నారు. 1996లో అప్పీలు బోర్డు ఇమానిషి-కారి మీద అభియోగాలన్నీ కొట్టేసింది, కానీ జరగాల్సింది జరిగిపోయింది. పేరు మోయడమంటే అది.

బోస్టన్ నుంచి
ఆ కథలో మీరు వదిలేసిన మనిషిని నేను చెబుతాను. ప్రశ్న లేవనెత్తింది మార్గో ఓ’టూల్, అదే ల్యాబ్‌లో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేరిన పరిశోధకురాలు. ఆ పేపర్‌కు ప్రాణమైన యాంటీబాడీ ఆమె చేతిలో చెప్పినట్టు పనిచేయలేదు. ఎలుకల సంతతి రికార్డుల కోసం వెతుకుతుంటే 17 నోట్‌బుక్ పేజీలు కనబడ్డాయి, అవి పేపర్‌తో పొసగలేదు. ఆమె రచయిత కాదు. తర్వాత కొంతకాలం పరిశోధన ఉద్యోగం దొరక్క సోదరుడి కంపెనీలో ఫోన్లు ఎత్తారు. ఆరోపణలు చివరికి నిలబడలేదు, ఒప్పుకుంటాను. కానీ పేరు లేనంత మాత్రాన ఆమె నష్టపోకుండా మిగిలారా?

కాకినాడ మాస్టారు
ఆమె పోస్ట్‌డాక్. టెక్నీషియన్ కాదు. పోలిక కుదరదు.

పంజరాల మనిషి
కుదురుతుంది, నాకు జరిగింది కాబట్టి. ఇంతకుముందు నేను పనిచేసిన చోట రెండు పంజరాల జన్యురూపాలు తారుమారై పేపర్ ఆగిపోయింది. నేనిచ్చిన ట్యూబులు సరిగ్గానే ఉన్నాయి, ల్యాబ్‌లో జన్యురూపం తేల్చే జెల్ మీద ఎక్కించేటప్పుడు వరుస మారింది. జెల్ బొమ్మ అతికించిన నోట్‌బుక్ నాది కాదు. కానీ కమిటీ ముందు పెట్టింది నా కార్డులనే, ‘సంతకం నీదేనా’ అని అడిగారు. ఆ నోట్‌బుక్ తెరవమని అడిగినా తెరవలేదు. కాంట్రాక్టు పొడిగించలేదు. రచయితల్లో ఒక్కరినీ ఆ గదికి పిలవలేదు. మీరు చెప్పే జవాబుదారీతనం నేను మోశాను మాస్టారూ, పేరు లేకుండా మోశాను. మళ్ళీ నాకే ఆ పాఠం చెప్పకండి.

గోదారిగట్టు
దీనికి జవాబు చెప్పండి మాస్టారూ.

కాకినాడ మాస్టారు
చెబుతాను. మీకు జరిగింది దుర్మార్గం. నేను భయపడేదీ దానికే. నా దగ్గర పనిచేసిన కాంట్రాక్టు ఉద్యోగి ఒక్కరు కూడా ఎన్నడూ ‘ఈ ఫలితం నేను ఒప్పుకోను సార్’ అనలేదు. ఎలా అంటారు? నా సంతకం పడితేనే మర్నాటి జీతం. కాదనే హక్కు లేని మనిషి చేత అవునని రాయించుకోవడం నాకు ఇష్టం లేదు. అలాంటి మనిషిని రచయితను చేస్తే, రేపు గైడ్ తప్పు చేసినా ‘అందరూ ఆమోదించారు’ అని వీళ్ళనే ముందుకు తోస్తాడు. రచయిత అంటే ఆపగలిగినవాడు. ఆపలేనివాణ్ణి ఆ వరుసలో నిలబెట్టను.

పంజరాల మనిషి
ఇన్ని పోస్టుల తర్వాత ఇప్పుడు అసలు మాట చెప్పారు. ఇంగ్లీషు కాదు, గణాంకాలు కాదు. మేం కాదనలేం, అందుకే మాకు పేరు వద్దు. సరే, ఆ హక్కు మాకు ఎక్కడి నుంచి రావాలి? ఉద్యోగం పర్మినెంట్ చేయమంటే ‘నువ్వేం చేశావని చూపించు’ అంటారు. చూపించడానికి పేపర్‌లో పేరు లేదు. పేరు అడిగితే ఉద్యోగం గట్టిది కాదంటారు. తెల్లకణం గారి ల్యాబ్‌లో అన్న కాదనే అన్నారు కదా! మీరంతా జబ్బు అనుకున్నది జబ్బు కాదన్నారు. పేపర్ తప్పుదారి పట్టకుండా ఆపింది ఆయనే. ఆపగలిగినవాడే రచయిత అయితే ఆ ల్యాబ్‌లో మొదటి రచయిత ఎవరు?

కాకినాడ మాస్టారు
ఎలుకల గురించి కాదనడం వేరు, గైడ్ పేపర్‌ను కాదనడం వేరు.

బోస్టన్ నుంచి
ఆ ల్యాబ్‌లో రెండూ ఒకటే అయ్యాయి మాస్టారూ.

తెల్లకణం
సోమవారం గైడ్‌తో మాట్లాడతాను. నియమావళిలోని ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకున్నాను. పద్ధతుల భాగం, రెండో బొమ్మ ఈ రోజే అన్న చేతికి ఇచ్చాను.

కాకినాడ మాస్టారు
ఒకటి అడగాలి. మగవాటిని ఏ వయసులో, ఏ తేదీన విడదీశారో పద్ధతుల్లో రాశారా? పత్రిక తరఫున పేపర్‌ను పరిశీలించే రిఫరీ ముందు పట్టుకునేది అదే.

తెల్లకణం
లేదు సర్. ఆ వివరాలు అన్న రిజిస్టర్‌లోనే ఉన్నాయి.

కాకినాడ మాస్టారు
అయితే ఆ పేరా ఆయన చేతే రాయించండి. పేరు విషయం నేనింకా ఒప్పుకోలేదు.

పంజరాల మనిషి
పేరా రాశాక రెండో షరతు కూడా తీరినట్టే. మిగిలింది రెండు.