డ్రమ్ అండ్ బేస్ కొత్తగ వినేటోళ్లు దేన్ని పట్టుకోవాలె?

గడియారం_సెంటర్_నల్లగొండ:
అన్నలూ, ఈ డ్రమ్ అండ్ బేస్ అనే వేగమైన ఎలక్ట్రానిక్ సంగీతంల డ్రమ్స్ ఉరుకుతున్నట్టే ఉన్నది గానీ లయ చేతికి దొరుకుతలేదు. తీన్మార్ లెక్క చప్పట్లు కొడితే తప్పిపోతున్నది. ఫోన్ల బేస్ వినబడతనే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలె? బారాత్ బాక్సుల మీద పెడితే అవి తట్టుకుంటయా?

పాలమూరు_లయ:
తమ్మీ, వేగాన్ని వదిలెయ్, స్నేర్‌ను (చురుక్కున పేలే డ్రమ్ దెబ్బను) పట్టుకో. ఇప్పటి ట్రాకులు ఎక్కువగ నిమిషానికి 174 బీట్ల దగ్గర ఉంటయి. నాలుగు బీట్ల చుట్టుల స్నేర్ రెండో బీటు మీద, నాలుగో బీటు మీద పడతది. అంటే నిమిషానికి 87 చప్పట్లే. బేస్ గూడ చాలాసార్లు ఈ 87నే నమ్ముకుని కదులుతది. పైన హైహ్యాట్లు (డ్రమ్ సెట్ల జంట తాళాలు) ఉరుకుతుంటే కింద బేస్ నిమ్మలంగ నడుస్తది. రెండు వేగాలు ఒక్కసారే ఒంట్లకు దిగుడే దీని రుచి.

తీన్మార్‌ల మూడు మూడు దెబ్బల ఊపు, ఇండ్ల నాలుగు. అందుకే చప్పట్లు తప్పుతున్నయి. ఒక చుట్టును 16 గళ్లు చేస్తే, సాదా పద్ధతిల కిక్ (కింది బరువు డ్రమ్ దెబ్బ) 1, 11 మీద. స్నేర్ 5, 13 మీద. చెవి 9 మీద కిక్ కోసం చూస్తది, అది రెండు గళ్లు ఆలస్యంగ వస్తది. పట్టు జారేది ఆడనే. మధ్యల సన్నగ వినబడే స్నేర్ దెబ్బలు డప్పు మీద సిటికెన పుల్ల చేసే పని చేస్తయి, 5, 13 మీదివి సిర్ర (పెద్ద కర్ర) దెబ్బలు. ముందుగాల సిర్రను పట్టుకో, పుల్ల దానంతటదే వినబడతది.

సూర్యాపేట_రికార్డు:
మొదలే న్యూరోఫంక్‌లకు (ఇండ్ల ఒక కరుకు రకం) పోకున్రి, ఆ గరగర బేస్‌కు కొత్త చెవి అలసిపోతది. ఎల్‌టీజే బుకెమ్ ఆల్బమ్ ‘లాజికల్ ప్రోగ్రెషన్’ (1996) నెమ్మదిగ లోపలికి తీస్కపోతది. ఆ తర్వాత గోల్డీ ‘టైమ్‌లెస్’ (1995). రోనీ సైజ్, రెప్రజెంట్ బృందం చేసిన ‘న్యూ ఫార్మ్స్’కు 1997ల బ్రిటన్ సంగీత బహుమతి మెర్క్యురీ వచ్చింది, అండ్ల డబుల్ బేస్ వాద్యం వినున్రి.

జంగిల్ (డ్రమ్ అండ్ బేస్‌కు ముందటి రూపం) వినకుంట ఈ సంగీతం సగమే తెలుస్తదని నా గట్టి నమ్మకం. 1969ల ద విన్‌స్టన్స్ బృందం పాటల గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు చుట్ల డ్రమ్స్, దాదాపు ఏడు సెకన్ల ముక్క, దాన్నే బ్రిటన్ నిర్మాతలు 1990లల్ల శాంప్లర్ల (శబ్దం ముక్కలు దాచి వాయించే యంత్రంల) కోసి, వేగం పెంచి, దెబ్బలు అటిటు మార్చి కొత్త లయలు కట్టిన్రు. అంత వేగంల గూడ మనిషి చెయ్యి తెలుస్తున్నదంటే అందుకే.

ఇంకోటి, మొదటి 40 సెకన్లు విని మార్చకున్రి. 32 చుట్ల ప్రారంభమే 44 సెకన్లు అయితది, అసలు బేస్ ఆ తర్వాతనే.

మిర్యాలగూడ_బాక్సులు:
ఫోన్ స్పీకర్ల 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏం రాదు. ఇండ్ల సబ్ బేస్ (అన్నింటికన్న కింది బేస్) ఉండేదే 40–60 హెర్ట్జ్‌ల. చెవుల గట్టిగ కూసునే ఇయర్‌ఫోన్ చాలు. రబ్బరు వదులుంటే బేస్ పోతది. బేస్ బూస్ట్ వద్దు, కిక్, బేస్ ఒకదాంట్లొకటి అలుక్కపోతయి.

బారాత్ బాక్సులు దెబ్బకు దెబ్బకు మధ్యల సల్లబడతయి. ఇండ్ల సబ్ ఎడతెగక మోగుతది, స్పీకర్ లోపటి కాయిల్ వేడెక్కుతది. పోర్టు బాక్సు (గాలి రంధ్రం ఉన్న బాక్సు) 45 హెర్ట్జ్‌కు ట్యూన్ అయి ఉంటే, ఆ కింద కోన్‌ను (స్పీకర్ల ఊగే కాగితాన్ని) ఆపే గాలి ఉండది, హద్దు దాటి ఊగి చినుగుతది. క్రాసోవర్‌ల (శబ్దాన్ని బాక్సులకు పంచే యంత్రంల) హైపాస్, అంటే కింది శబ్దాన్ని కోసేది, 40 హెర్ట్జ్ దగ్గర పెట్టున్రి, బేస్ బాక్సుకు టాప్ బాక్సుకు మధ్య హద్దు 100. ఆంప్ల క్లిప్ లైట్ (హద్దు దాటిందని చెప్పే లైట్) వెలిగితే వాల్యూమ్ తగ్గించుడే.

గడియారం_సెంటర్_నల్లగొండ:
5, 13 దొరికినయి అన్నా! డీజే సాఫ్ట్‌వేర్ మాత్రం ట్రాకు వేగం 87 అని చూపిస్తున్నది.

పాలమూరు_లయ:
సగం చదివింది తమ్మీ. బీట్‌గ్రిడ్‌ను (సాఫ్ట్‌వేర్ గీసే బీట్ల గీతలను) రెండింతలు చేసే బటన్ నొక్కు, 174 అయితది. నిమిషానికి 87 బీట్ల హిప్‌హాప్ పాట మీద కలపాలంటే మాత్రం 87లనే ఉంచు, నేరుగ కూసుంటది.