పాము డబ్బాలోంచి రావట్లేదు, కర్రతో కూడా కాలేదు, ఎవరైనా చెప్పండి

హన్మకొండ తమ్ముడు, రాత్రి 7:12
మూడు గంటల నుంచి ఇదే పని. నాలుగింటికి మొదలుపెట్టాను, ఏడు దాటింది, పాము ఇంకా డబ్బాలోనే ఉంది. డబ్బా కడగాలి, రెండు రోజుల నుంచి కంపు భరించలేకపోతున్నాం. కర్రతో పట్టుకుంటే మెలికలు తిరిగి జారిపోతోంది, చేయి పెడితే బుస్సుమని మీదికొస్తోంది. వీడియోల్లో వాళ్ళేమో దండెం మీద తువ్వాలు తీసుకున్నట్టు తీసుకుంటారు. అమ్మ సాయంత్రం నుంచి పక్కింట్లోనే కూర్చుంది, అది పోయేదాకా రానంటోంది. తోలు గ్లౌజులు వేసుకొని పట్టుకోవాలా, వట్టి చేతులే నయమా? జల్ది చెప్పండి, ఇంకా అన్నం కూడా వండలేదు.

నీరుకట్టె, 7:15
ఏ పాము?

కాజీపేట జంక్షన్, 7:18
తమ్మీ, ముందు ఆ గది తలుపు వేసి బయటికి రా. ఏ పామో తెలియకుండా చేయి పెట్టుడేంది? పోయిన వానాకాలం మా క్వార్టర్స్‌లో ఒకటి దూరింది, అందరూ ఏదో పిల్ల పాము అనుకున్నారు, చూస్తే కట్లపాము. అది కరిస్తే ఒక్కోసారి చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు, కనురెప్పలు వాలిపోతుంటే అప్పుడు తెలుస్తుంది. ఫారెస్టోళ్ళకు ఫోన్ చెయ్.

లా పాయింట్, 7:24
డబ్బా కడగాలి అంటున్నారంటే పెంచుతున్నారన్నమాట. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి చెప్తున్నాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం మన దేశపు పాములను ఇంట్లో పెంచుకోవడం నేరం, విషం ఉన్నదా లేనిదా అన్నది ప్రశ్నే కాదు. మన కొండచిలువ అయితే షెడ్యూల్ 1, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా, కనీసం 3 ఏళ్ళు, 7 ఏళ్ళ దాకా జైలు. విదేశీ పాము అయితే వేరే లెక్క. 2022 సవరణలో సైట్స్, అంటే అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారం మీద దేశాల ఒప్పందం, దాని జాబితాలోని జీవులన్నిటినీ షెడ్యూల్ 4 కింద తెచ్చారు, 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ వెబ్‌సైట్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా చెప్పాలి, చచ్చిపోయినా చెప్పాలి. మీ దగ్గర ఆ కాగితం ఉందా?

హన్మకొండ తమ్ముడు, 7:31
అయ్యో, ఇంట్లో దూరిన పాము కాదన్నా, పెంపుడు పామే. మా పెదనాన్న కొడుకుది, అన్న పని మీద నెల రోజులు బెంగళూరు పోతూ నా దగ్గర పెట్టి పోయాడు. బాల్ పైథాన్, మూడున్నర అడుగులు ఉంటది. డబ్బా అన్నాను కదా, తెలుస్తదనుకున్నా. కాగితం అన్న దగ్గర ఉంది. ఇప్పుడు కాగితం కాదు సార్ నా సమస్య, పాము.

కాజీపేట జంక్షన్, 7:33
కొండచిలువనా! ముందే చెప్పొద్దా.

పాకాల గాలి, 7:36
కొండచిలువ అని భయపెట్టకండి. పైథాన్‌లన్నిటికీ తెలుగులో అదే పేరు వాడేస్తాం గానీ ఇది ఆఫ్రికాది, బాగా పెరిగితే నాలుగైదు అడుగులు, భయమేస్తే తల లోపల దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. మన పాకాల, ఏటూరునాగారం అడవుల్లో ఉండేది వేరే, అది మనిషిని మించి పెరుగుతుంది. సరే, తమ్ముడూ, ఏ కర్ర వాడుతున్నావు? కొసన వంకీ ఉన్నదా, పిడి నొక్కితే నోరు మూసుకునేదా?

హన్మకొండ తమ్ముడు, 7:39
పిడి నొక్కితే పట్టుకునేది. అన్న దగ్గర వంకీది ఉంది గానీ దాంతో పట్టు దొరకదు కదా అని ఇది ఆన్‌లైన్‌లో తెప్పించిన, పద్నాలుగు వందలు.

కాజీపేట జంక్షన్, 7:40
దాన్ని కర్ర అంటారా? పటకారు అది.

హన్మకొండ తమ్ముడు, 7:41
పటకారు అంటే పొయ్యి మీద గిన్నె దించేది అన్నా. ఇది మూడడుగులు ఉంది.

కాజీపేట జంక్షన్, 7:42
పొడుగు పటకారు.

పాకాల గాలి, 7:50
పేరు ఏదైనా పెట్టుకోండి, పాము మీద మాత్రం దాన్ని వాడకు. ఇళ్ళలో దూరిన విషపు పాములను దూరం నుంచి పట్టడానికి వాడతారు, అక్కడ కూడా తెలిసినవాళ్ళు వీలైనంత వరకు వంకీతోనే కానిస్తారు. పాముకు మెడ నుంచి తోక దగ్గరి దాకా పక్కటెముకలే, సన్నవి, వందల్లో ఉంటాయి, నువ్వు పిడి ఎంత నొక్కావో నీ చేతికి తెలియదు, దానికి తెలుస్తుంది, అందుకే అట్లా మెలికలు తిరుగుతోంది. వంకీ పట్టుకోవడానికి కాదు, మోయడానికి. ఒంటికి నడుమ ఉన్న చోట కింది నుంచి పెట్టి లేపితే, తీగ మీద తీగ వేలాడినట్టు అదే ఆగుతుంది, రెండో చేయి వెనక భాగం కింద పెట్టాలి. మెడ పట్టుకోవద్దు. పై నుంచి చేయి దించొద్దు, గద్ద వచ్చినట్టు అనుకుంటుంది, పక్క నుంచి రావాలి. దాని పై పెదవి మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి చూడు, వాటితో వేడిని పసిగడుతుంది, నీ చేయి దాని కంటికి కనపడకపోయినా వెచ్చగా తెలుస్తుంది. అందుకే ముందు వంకీతో వీపు మీద మెల్లగా రాసి, ఇది తిండి కాదు అని తెలియజేసి, అప్పుడు వట్టి చేతులతో ఎత్తుకోవాలి. తోలు గ్లౌజులు వద్దు, ఎంత గట్టిగా పట్టుకున్నావో తెలియదు, పళ్ళు తోలులో ఇరుక్కుంటే విరుగుతాయి. ఇదంతా విషం లేని పెంపుడు పాము సంగతే, కట్లపాము, నాగుపాము, రక్తపింజరి దగ్గర ఈ తెలివి చూపించకండి.

నీరుకట్టె, 7:52
కళ్ళు ఎట్లున్నాయి?

హన్మకొండ తమ్ముడు, 7:55
కళ్ళా? పాలు పోసినట్టు తెల్లగా అయినయి, మూడు రోజులైంది. గుడ్డిదైందేమో, అన్నకు ఏం చెప్పాలా అని అదో టెన్షన్. అందుకే తిండి కూడా ముట్టలేదనుకుంటా. అన్నట్టు ఐదింటికి ఒకసారి కరిచింది, బొటనవేలి కింద నాలుగైదు చుక్కలు రక్తం వచ్చింది, తుడిచేసిన.

నీరుకట్టె, 7:56
కుబుసం విడుస్తోంది. వదిలెయ్.

కాజీపేట జంక్షన్, 7:57
కరిచిందా?? మూడు గంటల కథ చెప్పి ఇది ఇప్పుడు చెప్తున్నావా!

లా పాయింట్, 7:59
ఫొటో పెట్టండి ముందు. అన్న చెప్పాడు కాబట్టి బాల్ పైథాన్ అనుకోవడం కాదు.

హన్మకొండ తమ్ముడు, 8:03
పెట్టిన.

పాకాల గాలి, 8:06
అదే. నల్ల ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, పొట్టి తోక, మందం ఒళ్ళు. విషం లేదు. సబ్బు వేసి ధారగా నీళ్ళతో కడుగు, పొద్దున టీటీ ఇంజెక్షన్ వేయించుకో. వాపు గానీ చీము గానీ వస్తే డాక్టర్ దగ్గరికి పో. కరిచి వెంటనే వదిలేసిందా, పట్టుకొని చుట్టుకుందా?

హన్మకొండ తమ్ముడు, 8:07
కొట్టి వదిలేసింది.

పాకాల గాలి, 8:12
భయంతో కొట్టింది, తిండి అనుకొని కాదు. తిండి అనుకుంటే పట్టుకొని చుట్టేస్తుంది, అప్పుడు లాగితే పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి చీరుకుపోతుంది, కాస్త చల్లనీళ్ళు పోస్తే వదులుతుంది. ఇప్పుడు దాని కంటి పొర కింద పాలలాంటి ద్రవం ఉంది, సరిగ్గా కనపడదు, చర్మం చురచురమంటుంది, అట్లాంటప్పుడు పటకారుతో నొక్కితే నువ్వైనా కరుస్తావు. నాలుగైదు రోజుల్లో కళ్ళు తేటపడతాయి, ఆ తర్వాత కుబుసం విడుస్తుంది. గిల్లి లాగొద్దు, నీళ్ళ గిన్నె పెద్దది పెట్టు. ఇంతకీ ముట్టలేదన్న తిండి ఏమైంది?

హన్మకొండ తమ్ముడు, 8:14
ఎలుక. ఫ్రిజ్ లోది, కరగబెట్టి పెట్టిన. మొన్న రాత్రి. తర్వాత తింటదిలే అని అట్లనే ఉంచిన.

నీరుకట్టె, 8:15
కంపు అదే.

సుబేదారి టీచర్, 8:19
ఆలస్యంగా చూశాను. పాలు పోసినట్టు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది, మీ అమ్మగారు గానీ దానికి పాలు పోయలేదు కదా? మా స్కూల్లో ప్రతి ఏటా నాగులపంచమి ముందు పిల్లలకు చెప్తాను, పాము పాలు తాగదు, అరగవు కూడా. పాములోళ్ళు రోజుల తరబడి నీళ్ళివ్వకుండా ఎండబెడితే దాహానికి ఏది పెట్టినా తాగుతుంది, దాన్ని చూసి మనం మొక్కుతాం. వాటి కోరలు పీకి, నోరు కుట్టి తెస్తారు.

కాజీపేట జంక్షన్, 8:21
మేడం, పుట్టలో పాలు పోసుడు వేరు, పాముకు తాగించుడు వేరు. మా అమ్మమ్మ ఎన్నడూ పాము నోట్లో పోయలేదు.

సుబేదారి టీచర్, 8:24
పుట్టలో పోసినా తేమకు, వాసనకు దానికి ఇబ్బందే కదండీ.

లా పాయింట్, 8:26
అన్న కాగితం మీద ఉన్న చిరునామా బెంగళూరా, హన్మకొండనా? కార్న్ స్నేక్ అనే ఇంకో విదేశీ పెంపుడు పాము అయితే ఆ సైట్స్ జాబితాలోనే లేదు, ఈ తలనొప్పి ఉండేది కాదు.

పాకాల గాలి, 8:28
తమ్ముడూ, పామును తీయాల్సిన పనే లేదు. అది ఏదో ఒక దాని కిందే దాక్కొని ఉంటుంది కదా?

హన్మకొండ తమ్ముడు, 8:29
అవును, బోర్లించిన పగిలిన కుండ కింద.

పాకాల గాలి, 8:33
కుండను కదపకు. దాని చుట్టూ ఉన్న తడి పేపర్ చింపి తీసెయ్, కొత్తది జరిపి పెట్టు, ఎలుకను మాత్రం తీసెయ్. బతికున్న ఎలుక అయితే ఇంకా ప్రమాదం, కుబుసం మీదున్న పామును కొరికేస్తుంది. కింద వేడి ప్యాడ్ ఉంటే ఆన్‌లోనే ఉంచు, ఈ చలికి ఒక పక్క 31, 32 డిగ్రీలు ఉండాలి. ఇక చేతులకు ఎలుక వాసన ఉన్నంతసేపు మళ్ళీ డబ్బాలో పెట్టకు. అన్నం వండే ముందు సబ్బుతో కడుక్కో, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది.

హన్మకొండ తమ్ముడు, 9:10
అయిపోయింది. ఎలుక కుండ వెనకాల ఉబ్బి ఉంది, ఆ పద్నాలుగు వందల దానితోనే తీసి పడేసిన. పేపర్ మార్చిన. అది కదల్లేదు. అమ్మ వచ్చింది, హోటల్ నుంచి పార్సిల్ తెప్పించుకున్నాం. థ్యాంక్స్ అందరికీ.

కాజీపేట జంక్షన్, 9:13
గిన్నె దించినట్టే దించినవ్ కదా. పటకారే.

లా పాయింట్, 9:20
చిరునామా చెప్పలేదు.

ఒక కొత్త సభ్యుడు, 10:47
అన్నా ఆ కర్ర అమ్ముతావా? వర్ధన్నపేట దగ్గర మా పొలంలో జెర్రిపోతులు మస్తున్నాయి.

నీరుకట్టె, 10:49
జెర్రిపోతు ఎలుకలు తింటది. ఉండనీ.