మీటర్ రీడింగులు ఎక్సెల్‌లోకి దించితే తేదీలు తారుమారు అవుతున్నాయి

చెరువుగట్టు:
అన్నలూ, మాది భీమవరం దగ్గర వెనామీ రొయ్యల కల్చర్, 11 చెరువులు, నేను టెక్నీషియన్‌ని. ఇన్నాళ్లూ చెరువు నీళ్ల డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, సెలినిటీ (ఉప్పుశాతం) పుస్తకంలో రాసుకుని సాయంత్రం ఎక్సెల్‌లో కొట్టేవాణ్ణి, ఇప్పుడు ఓనరుగారు మెమరీ ఉన్న మీటర్ కొన్నారు, కేబుల్ పెడితే సీఎస్‌వీ ఫైల్ వస్తోంది. తీరా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే జూలై 5న తీసినవి మే 7 అని పడుతున్నాయి, 13వ తారీఖు నుంచి చూడ్డానికి బానే ఉన్నాయి గానీ గ్రాఫ్‌లోకి రావట్లేదు. డిగ్రీ గుర్తు ముందు టోపీ పెట్టిన ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరం ఒకటి పడుతోంది. ఏ రీడింగు ఏ చెరువుదో కూడా ఉండదు, రికార్డు నంబరొక్కటే. ఏం చేయాలి?

ల్యాబ్‌బెంచ్:
మీటర్ అమెరికా పద్ధతిలో నెల ముందు రాస్తోంది, మీ విండోస్ రోజు ముందు చదువుతోంది, అంతే. 12 దాకా తిరగేసి తేదీగా మార్చేస్తుంది, 13 నుంచి అలాంటి నెల లేదు కాబట్టి టెక్స్ట్‌గా వదిలేస్తుంది, చూడండి అవి సెల్‌లో ఎడమవైపుకి అంటుకుని ఉంటాయి. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేయడం మానేయండి. ఖాళీ షీట్ తెరిచి డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 పెట్టండి, ఆ టోపీ అక్షరం పోతుంది. తర్వాత ట్రాన్స్‌ఫామ్ డేటాలోకి వెళ్లి, ఎక్సెల్ దానంతటదే వేసుకున్న ఛేంజ్డ్ టైప్ స్టెప్ తీసేసి, తేదీ కాలమ్ మీద రైట్ క్లిక్, ఛేంజ్ టైప్, యూజింగ్ లొకేల్, అందులో ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్. పాత ఎక్సెల్ అయితే ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ అని మార్చి ఎక్సెల్‌లోంచే ఓపెన్ చేయండి, విజార్డ్ వస్తుంది, మూడో స్టెప్‌లో తేదీకి ఎమ్‌డీవై (నెల, రోజు, సంవత్సరం) ఎంచుకోండి.

చెరువు నంబరుకి, రోజూ ఒకటో చెరువు నుంచి వరసగా తీస్తే రికార్డు నంబర్లోంచి ఒకటి తీసేసి, మాడ్ ఫార్ములాతో (భాగిస్తే మిగిలే శేషం ఇస్తుంది) 11 పెట్టి, వచ్చినదానికి ఒకటి కలపండి.

కైకలూరు_ఆక్వా:
ఆ మాడ్ లెక్క మాత్రం వద్దు తమ్ముడూ. ఒక చెరువు పట్టుబడి (రొయ్యలు పట్టేయడం) అయిపోయినా, కుర్రాడు ఒకచోట రెండుసార్లు నొక్కినా అక్కణ్ణుంచి అన్నీ పక్క చెరువు మీద పడతాయి, మూడో చెరువులో డీఓ పడిపోతుంటే నువ్వు నాలుగో చెరువులో గాలి కొట్టే ఏరియేటర్లు వేయిస్తావ్. మీటర్ మెనూలో సైట్ లిస్ట్ ఉందేమో వెతుకు, మెమరీ ఉన్న చాలావాటిలో ఉంటుంది, చెరువుల పేర్లు ఒకసారి ఎక్కిస్తే సేవ్ చేసేటప్పుడు ఎంచుకోవచ్చు.

ఇంకోటి, ఎవరూ అడగరు గానీ చెప్తున్నా, డీఓ పీపీఎంలో రావాలంటే మీటర్‌కి సెలినిటీ తెలియాలి. కొన్ని తమ కండక్టివిటీ ప్రోబ్ నుంచి తీసుకుంటాయి, కొన్నిటికి మనమే కొట్టాలి. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో వంద శాతం (నీళ్లు పట్టగలిగినంత ఆక్సిజన్) అంటే 7.56 పీపీఎం, అదే 15 పీపీటీ (వెయ్యికి 15 వంతుల) ఉప్పునీళ్లలో 6.96 దగ్గర ఉంటుంది. సెలినిటీ సున్నా ఉంటే ప్రతి రీడింగూ ఎక్కువే చూపిస్తుంది. తెల్లారుజామున 4 అని ఉన్నది నిజానికి 3.7 అవుతుంది, ఎక్సెల్‌కి ఆ సంగతి తెలీదు కదా. శాతం కాలమ్ కూడా దించుకో, తర్వాత సరిచేసుకోడానికి పనికొస్తుంది.

పాతసీరియల్:
మీది నయం. మా దగ్గర తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టున్న పాత మీటర్, చవక యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ కొంటే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10. నకిలీ చిప్ అయితే కొత్త డ్రైవర్ ఒప్పుకోదట, వేరే చిప్ కేబుల్ వేస్తే వెంటనే పట్టింది. తర్వాత పుట్టీ అనే ప్రోగ్రామ్‌లో లాగింగ్ ఆన్ చేసి, మాన్యువల్‌లో ఉన్న బాడ్ రేట్ (డేటా వేగం) కొట్టి, మీటర్ మీద ప్రింట్ నొక్కితే అన్నీ ఫైల్‌లో పడుతున్నాయి.

చెరువుగట్టు:
థ్యాంక్స్ అన్నలూ, సైట్ లిస్ట్ దొరికింది, సెలినిటీ నిజంగానే సున్నా ఉంది 😬 లొకేల్ పెట్టాక తేదీలూ సరిపోయాయి. మరి డబుల్ క్లిక్‌తో తెరిచి సేవ్ కొట్టేసిన పాత ఫైళ్ల సంగతి?

ల్యాబ్‌బెంచ్:
మీటర్ మెమరీ చెరపకపోతే మళ్లీ దించుకోండి, అదే సులువు. చెరిపేస్తే 12 లోపు తేదీలకి డేట్ ఫార్ములాలో నెల ఉండాల్సిన చోట డే, రోజు ఉండాల్సిన చోట మంత్ ఇవ్వండి. ఒకే కాలమ్‌లో టైమ్ కూడా ఉంటే అది పోతుంది, విడిగా కలుపుకోవాలి. టెక్స్ట్‌గా మిగిలినవాటికి టెక్స్ట్ టు కాలమ్స్‌లో ఎమ్‌డీవై చాలు. రెండూ కలిపి ఒకేసారి చేయకండి.